బతకపోయిన ఆట

2025 ఏప్రిల్ 11, శుక్రవారం. పశ్చిమ బెంగాల్‌లోని కల్యాణి స్టేడియం. ఇండియన్ విమెన్స్ లీగ్‌లో ఈస్ట్ బెంగాల్, ఒడిశా ఎఫ్‌సీ తలపడుతున్నాయి. లీగ్‌లో ఇంకో మ్యాచ్ మిగిలి ఉంది గానీ, ఇది గెలిస్తే ఆ మ్యాచ్‌తో పనిలేకుండా టైటిల్ ఈస్ట్ బెంగాల్‌దే. గెలిచారు, 1–0తో. ఆ ఒక్క గోల్ కొట్టింది సౌమ్య గుగులోత్, మన నిజామాబాద్ అమ్మాయి. ఈ లీగ్‌ను ఒక బెంగాల్ క్లబ్ గెలవడం అదే మొదటిసారి. ఈస్ట్ బెంగాల్ మగవాళ్ల జట్టు చివరిసారి జాతీయ లీగ్ గెలిచింది 2004లో. ఇరవై ఒక్క ఏళ్లుగా ఆ క్లబ్ అభిమానులు చూస్తున్న ఎదురుచూపు ఆడపిల్లల కాళ్ల మీదుగా తీరింది.

ఆ సీజన్‌లో సౌమ్యవి 9 గోల్స్. భారతీయ క్రీడాకారిణుల్లో అందరికన్నా ఎక్కువ. (మొత్తం మీద చూస్తే గోకులం కేరళకు ఆడిన ఉగాండా స్ట్రైకర్ ఫజీలా ఇక్వాపుట్ 24 గోల్స్‌తో ఎవరికీ అందనంత దూరంలో ఉంది. అది వేరే కథ.) మే నెల మొదట్లో భువనేశ్వర్‌లో అఖిల భారత ఫుట్‌బాల్ సమాఖ్య ఆమెను ఆ ఏడాది ఉత్తమ క్రీడాకారిణిగా ప్రకటించింది.

ఇలాంటి వార్తలు రాయడానికి మన పత్రికల దగ్గర ఒక అచ్చు ఎప్పుడూ తయారుగా ఉంటుంది. తండా, పేదరికం, పట్టుదల, పతకం. పక్కన మూడు కాలమ్‌ల ఫొటో. సౌమ్య మీద కూడా అదే అచ్చు పడింది. అందులో అబద్ధమేమీ లేదు. 2001లో లంబాడా కుటుంబంలో పుట్టింది, తండా పిల్ల, యూరప్ దాకా పోయి ఆడింది. నాకు మాత్రం ఆమె ఆడిన ఊళ్ల వరుస చూడగానే ఇంకేదో తట్టింది. నిజామాబాద్, ముంబయి, కోళికోడ్, జాగ్రెబ్, మళ్లీ కోళికోడ్, ఆ తర్వాత కోల్‌కతా. మా వైపు ఏ ఇంటి అరుగు మీదనైనా ఒక పెద్దాయన్ని కూర్చోబెట్టి "తాతా, నువ్వు యాడయాడ పని చేసినవ్?" అని అడిగితే సరిగ్గా ఇట్లాంటి జాబితానే వస్తుంది. ఊళ్ల పేర్లు మారతాయి, అంతే.

మా వైపు అంటే పాత మహబూబ్‌నగర్ జిల్లా. 2016 అక్టోబర్‌లో జిల్లాలను విడదీశాక గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూల్ వేరువేరు జిల్లాలయ్యాయి గానీ, బయటివాళ్లకు ఇప్పటికీ అంతా 'పాలమూరే'. మాది గద్వాల. కృష్ణా తుంగభద్రల నడుమ ఉన్న నేల కాబట్టి నడిగడ్డ అంటాం. రెండు నదులు పక్కనే పారుతున్నా తాగడానికి, తడపడానికి నీళ్లు లేక ఊళ్లకు ఊళ్లు వలసపోయిన చోటు. దేశంలో ఎక్కడ డ్యాము కడుతున్నా, కాలువ తవ్వుతున్నా అక్కడ పాలమూరు లేబర్ ఉండేది. గుంపు మేస్త్రీ దసరా ముందో తర్వాతో వచ్చి అడ్వాన్సు చేతిలో పెట్టి పోతాడు. ఇంటికి తాళం పడుతుంది, ముసలివాళ్లు మిగులుతారు. దీనికి మా మాట 'బతకపోవుడు'. ఉద్యోగానికి పోయినవాణ్ణి బతకపోయిండు అనరు. ఊర్లో బతుకు లేనివాడే బతకపోతాడు.

ఫుట్‌బాల్ చరిత్ర చదువుతుంటే, తెలుగు నేల మీద ఆ ఆట కూడా డెబ్భై ఏళ్లుగా బతకపోతూనే ఉందని నాకనిపిస్తుంది. సౌమ్య నడిచిన దారి కొత్తది కాదు. కాకపోతే ఆ దారిన పోయినవాళ్లలో మనకు పేర్లు గుర్తున్నవాళ్లంతా మగవాళ్లు.

2024లో వచ్చిన 'మైదాన్' సినిమా పుణ్యమా అని సయ్యద్ అబ్దుల్ రహీం పేరు ఇప్పుడు చాలామందికి తెలుసు. అజయ్ దేవ్‌గణ్ సిగరెట్ కాలుస్తూ నడిచే ఆ మనిషి అసలు హైదరాబాద్‌లో బడిపంతులు. 1950ల్లో ఆయన చేతిలో తయారైన హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టు 1950 నుంచి 1954 దాకా వరుసగా ఐదేళ్లు రోవర్స్ కప్ గెలిచింది. 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో నాలుగో స్థానంలో నిలిచిన భారత జట్టుకు, 1962 జకార్తా ఆసియా క్రీడల ఫైనల్లో దక్షిణ కొరియాను 2–1తో ఓడించిన జట్టుకు ఆయనే కోచ్. ఆ మరుసటి ఏడాదే క్యాన్సర్‌తో పోయాడు.

ఈ కథ చెప్పేవాళ్లు ఎత్తుగడలు, పాస్‌ల గురించి చాలా చెప్తారు. నాకు మాత్రం జట్టు పేరులోని రెండో సగమే ముఖ్యం. పోలీస్. ఆటగాడికి ఉద్యోగం, నెల తిరిగేసరికి జీతం, మోకాలు దెబ్బతిన్నాక కూడా నిలబడే కొలువు. పోలీసు, రైల్వే, సైన్యం, పెద్ద ఫ్యాక్టరీలు. మన దేశంలో ఫుట్‌బాల్ ఆడి బతకడమంటే చాలాకాలం పాటు ఇవే. ఇవి కాకుండా ఉన్నది ఒక్కటే, కలకత్తా. అక్కడి క్లబ్బులు డబ్బు ఇచ్చేవి, పేరు ఇచ్చేవి, వేల మంది ముందు ఆడే అవకాశం ఇచ్చేవి. అందుకని హైదరాబాద్ కుర్రాళ్లు రైలెక్కారు.

తులసీదాస్ బలరాం సికింద్రాబాద్ పక్కన అమ్ముగూడ వాడు. చాలా బీద ఇంట్లో పుట్టాడు. 1957లో ఈస్ట్ బెంగాల్‌కు పోయాడు. 1960 రోమ్ ఒలింపిక్స్‌లో హంగరీ మీదా, పెరూ మీదా గోల్స్ కొట్టాడు. పీకే బెనర్జీ, చునీ గోస్వామిలతో కలిపి ఆ ముగ్గురి పేర్లు బెంగాలీలు ఇప్పటికీ ఒకే ఊపిరిలో చెప్తారు. బలరాం మళ్లీ ఇటు వచ్చి స్థిరపడలేదు. హుగ్లీ ఒడ్డున ఉత్తర్‌పారాలోనే ఉండిపోయి, 2023 ఫిబ్రవరిలో కన్నుమూశాడు. అదే ఏడాది ఆగస్టు 15న హైదరాబాద్‌లో చనిపోయిన మహమ్మద్ హబీబ్ కూడా ఈ దారి మనిషే. 1966లో ఈస్ట్ బెంగాల్‌కు పోయి, ఆ క్లబ్‌కూ మోహన్ బగాన్‌కూ ఏళ్ల తరబడి ఆడాడు. 1977లో పీలే తన కాస్మోస్ జట్టుతో ఈడెన్ గార్డెన్స్‌కు వచ్చినప్పుడు 2–2తో ముగిసిన ఆ మ్యాచ్‌లో మోహన్ బగాన్ తరఫున గోల్ కొట్టినవాళ్లలో హబీబ్ ఒకడు.

ఇంకో మాట. వీళ్లు చేరిన ఈస్ట్ బెంగాల్ కూడా వలసవచ్చినవాళ్ల క్లబ్బే. 1920లో పుట్టింది. దేశ విభజన తర్వాత తూర్పు బెంగాల్ నుంచి సర్వం పోగొట్టుకుని వచ్చినవాళ్లు దాన్ని తమ ఊరుగా చేసుకున్నారు. ఆ ఎరుపు, పసుపు జెండా కింద అమ్ముగూడ కుర్రాడు ఇమిడిపోయాడు. అరవై ఎనిమిదేళ్ల తర్వాత తండా పిల్ల టైటిల్ గోల్ కొట్టింది.

ఈ అరవై ఎనిమిదేళ్లలో ఆడవాళ్లు ఎక్కడున్నారు?

చాలాకాలం పాటు పోలీసు జట్టు వాళ్లది కాదు, రైల్వే జట్టు వాళ్లది కాదు. ఆటతో వచ్చే కొలువే ఆటకు ఆధారమైనప్పుడు, కొలువు తలుపు మూసి ఉన్నవాళ్లకు ఆట తలుపు కూడా మూసే ఉంటుంది. ఇది మన దగ్గరి వింత మాత్రమే అనుకోకండి. 1920 క్రిస్‌మస్ మరునాడు లివర్‌పూల్‌లో ఆడవాళ్ల మ్యాచ్ చూడటానికి 53 వేల మంది వచ్చారు. అది చూసి కంగారుపడిందో ఏమో, సంవత్సరం తిరగకుండానే ఇంగ్లండ్ ఫుట్‌బాల్ అసోసియేషన్ తన మైదానాల్లో ఆడవాళ్లు ఆడకూడదని నిషేధం పెట్టింది. ఆ ఆట ఆడవాళ్ల ఒంటికి సరిపడదట. ఆ నిషేధం యాభై ఏళ్లు నిలిచింది.

మన దేశంలో ఎవరూ నిషేధించలేదు. ఆ అవసరం రాలేదు. 1975లో మహిళల ఫుట్‌బాల్‌కు విడిగా ఒక సమాఖ్య పుట్టింది. ఐదేళ్లు తిరక్కుండానే ఆ అమ్మాయిలు ఆసియాలో రెండో స్థానానికి వచ్చారు. 1980 జనవరిలో కోళికోడ్‌లో జరిగిన ఆసియా ఛాంపియన్‌షిప్‌లో రన్నరప్, 1983లో బ్యాంకాక్‌లో మళ్లీ రన్నరప్. ఆ జట్టులో ఆడిన బెంగాల్ అమ్మాయి శాంతి మల్లిక్‌కు అర్జున అవార్డు వచ్చింది, ఒక మహిళా ఫుట్‌బాలర్‌కు అదే మొదటిది. ఇంత చేసిన జట్టును తొంభైల్లో మగవాళ్ల సమాఖ్యలో కలిపేశాక, దాని గురించి అడిగే దిక్కు లేకుండా పోయింది. ఆట మాత్రం చావలేదు, మణిపూర్‌లో బతికింది. అక్కడి ఓయినం బెంబెం దేవి రెండు దశాబ్దాలు దేశానికి ఆడింది. ఆమె ఆడిన కాలంలో చాలా వరకు ఈ దేశంలో మహిళలకు జాతీయ లీగ్ అనేదే లేదు.

లీగ్ వచ్చింది 2016–17లో. మొదటి సీజన్ తుది దశలో ఆరే జట్లు, అన్ని మ్యాచ్‌లూ ఢిల్లీలోనే. గెలిచింది మణిపూర్ జట్టు, అందులో ముప్పై ఆరేళ్ల బెంబెం దేవి ఉంది. అంటే మన దేశంలో ఒక ఆడపిల్ల "నేను ప్రొఫెషనల్ ఫుట్‌బాలర్‌ని" అని చెప్పుకోగలిగే పరిస్థితి వచ్చిందే అప్పుడు. సౌమ్యకు అప్పటికి పదిహేనేళ్లు. తన కన్నా పదేళ్లు ముందు పుట్టి ఉంటే ఎంత వేగంగా పరిగెత్తినా ఆమె మనకు తెలిసేది కాదు.

ఇక నిజామాబాద్ గురించి. హైదరాబాద్ మధ్యలో పెట్టి చూస్తే నిజామాబాద్, గద్వాల రెండూ దాదాపు ఒకే దూరం. ఒకటి ఉత్తరాన, ఒకటి దక్షిణాన. తండాలు అక్కడా ఉన్నాయి, ఇక్కడా ఉన్నాయి. వేగంగా పరిగెత్తే పిల్లలు అక్కడా ఉన్నారు, ఇక్కడా ఉన్నారు. మరి బాక్సింగ్‌లో ప్రపంచ ఛాంపియన్ నిఖత్ జరీన్, హాకీలో యెండల సౌందర్య, 2014లో పదమూడేళ్లకే ఎవరెస్ట్ ఎక్కిన మాలావత్ పూర్ణ, ఫుట్‌బాల్‌లో సౌమ్య, వీళ్లంతా ఒక్క జిల్లా నుంచే ఎట్లా వచ్చారు? నీళ్లలో ఏముందో అని నవ్వుతూ అంటుంటారు. నీళ్లే ఉన్నాయేమో కూడా. నిజాంసాగర్ కాలువ కింద 1930ల నుంచి వరి, చెరకు పండిన జిల్లా అది. బతకపోయేవాళ్లు అక్కడా ఉన్నారు, గల్ఫ్‌కు పోతారు. అయినా పిల్లల్ని వెంటేసుకుని ఊరు మొత్తం ఖాళీ అయ్యే వలస వేరు, మగవాడు ఒక్కడే పోయి డబ్బు పంపే వలస వేరు. రెండోదాంట్లో పిల్ల బడిలోనే ఉంటుంది, పొద్దున్నే గ్రౌండ్‌కు పోగలుగుతుంది. ఇది నా ఊహే, రుజువు చేయలేను. కానీ మా నడిగడ్డ ఖాళీ బెంచీలు చూసినదాన్ని కాబట్టి ఈ ఊహ నన్ను వదలదు.

ఊహ కానిది కోచ్. నిజామాబాద్‌లో గొట్టిపాటి నాగరాజు ఆడపిల్లలకు ఫుట్‌బాల్ నేర్పుతూ ఉండకపోతే సౌమ్య పరుగు పందేల పిల్లగానే మిగిలిపోయేది. ఆమె ఆడే చోటు వింగ్. మైదానం అంచు గీత పక్కన, బంతి వచ్చేదాకా ఓపిగ్గా కాచుకుని, వచ్చిన క్షణంలో డిఫెండర్‌ను దాటేసి పరిగెత్తాలి. తొంభై నిమిషాల్లో ఇరవై ముప్పైసార్లు అట్లా పరిగెత్తితే రెండుసార్లో మూడుసార్లో ఫలితం వస్తుంది. మిగతావన్నీ వృథా. వృథా అని తెలిసీ ముప్పయ్యోసారి కూడా మొదటిసారి అంత వేగంతో పోవడమే వింగర్ పని. దీనికి కాళ్లలో వేగం ఉంటే చాలదు. చిన్నప్పటి నుంచి రోజూ ఎవరో ఒకరు పక్కన నిలబడి "మళ్లీ" అని చెప్పాలి.

తెలుగు నేల మీద అలా చెప్పేవాళ్లు అక్కడక్కడా ఉన్నారు. మా గద్వాల నుంచి తుంగభద్ర దాటి కర్నూలు మీదుగా పోతే అనంతపురం. అక్కడ విన్సెంట్ ఫెర్రర్ మొదలుపెట్టిన రూరల్ డెవలప్‌మెంట్ ట్రస్ట్ స్పోర్ట్స్ అకాడమీలో ఆడపిల్లలూ ఫుట్‌బాల్ ఆడతారు. అది కరువు జిల్లానే. కాబట్టి కరువుకు అన్నీ అంటగట్టడం కూడా సరికాదు. గ్రౌండ్, కోచ్, రెండు పూటల తిండి, ఈ మూడూ ఒకచోట కొన్నేళ్లు ఆగకుండా ఉంటే పిల్లలు వస్తారు. నేర్చుకున్నాక ఎక్కడ ఆడాలన్నది తర్వాతి సమస్య. ఎందుకంటే 2024–25 లీగ్‌లో ఆడిన ఎనిమిది జట్లలో తెలంగాణది లేదు, ఆంధ్రది లేదు.

అందుకని సౌమ్య బతకపోయింది. మొదట ముంబయికి, కెంక్రే జట్టుకు. (పాలమూరు మనిషికి బొంబాయి అన్న మాట ఎట్లా వినిపిస్తుందో వేరే చెప్పక్కర్లేదు.) అక్కడి నుంచి గోకులం కేరళకు. మహిళల జట్టును ఫొటోల కోసం కాకుండా నిజంగా నడిపిన క్లబ్బుల్లో గోకులం ముందుంటుంది. 2022లో భువనేశ్వర్‌లో జరిగిన లీగ్‌ను ఒక్క మ్యాచ్ కూడా ఓడకుండా గెలిచింది. ఆ ఆగస్టులో ఆసియా క్లబ్ టోర్నీకి గోకులం అమ్మాయిలు తాష్కెంట్‌లో దిగారు. దిగాక తెలిసింది, మన సమాఖ్య నిర్వహణలో బయటివాళ్ల జోక్యం ఉందని ఫిఫా భారత్‌ను సస్పెండ్ చేసిందని. పది రోజుల్లో ఆ సస్పెన్షన్ ఎత్తేశారు గానీ అప్పటికి టోర్నీ చేజారింది. ఆడి ఓడిపోలేదు, ఆడనివ్వలేదు. సీజన్ మొత్తం కష్టపడి సంపాదించుకున్న పోటీని హోటల్ గదిలో కూర్చుని పోగొట్టుకోవడం ఎలా ఉంటుందో, పని చేయించుకుని కూలీ ఎగ్గొట్టిన మేస్త్రీ చేతిలో పడినవాళ్లకు అర్థమవుతుంది.

ఆ ఏడే సౌమ్య, మధ్యప్రదేశ్‌కు చెందిన జ్యోతి చౌహాన్‌తో కలిసి క్రొయేషియాలో డైనమో జాగ్రెబ్ ట్రయల్స్ దాటి ఒప్పందం అందుకుంది. లూకా మోడ్రిచ్ పెరిగిన క్లబ్ అది. 2020లో మణిపూర్ అమ్మాయి బాలా దేవి స్కాట్లండ్‌లో రేంజర్స్‌కు ఆడింది. 2022లోనే మనీషా కళ్యాణ్ సైప్రస్ క్లబ్ తరఫున యూఈఎఫ్ఏ ఛాంపియన్స్ లీగ్‌లో దిగింది. యూరప్ తలుపు అప్పుడే కొద్దిగా తెరుచుకుంటోంది. తెలుగు పత్రికల్లో సౌమ్య పేరు పెద్దక్షరాల్లో పడింది అప్పుడే. యూరప్ అనగానే మనకు మెస్సీ జీతాలు కళ్లముందు కదులుతాయి. క్రొయేషియా మహిళల లీగ్ అలాంటిది కాదు, చిన్న లీగ్. ఒక సీజన్ తర్వాత ఆమె తిరిగొచ్చి మళ్లీ గోకులానికి, అక్కడి నుంచి ఈస్ట్ బెంగాల్‌కు ఆడింది. తిరిగి రావడాన్ని మన వార్తలు రాయవు. పోవడమే వార్త. గల్ఫ్ నుంచి, బొంబాయి నుంచి వాపసు వచ్చినవాళ్లను కూడా ఊరు అట్లాగే చూస్తుంది, ఏదో జరిగి ఉంటుందిలే అన్నట్టు. నా మటుకు నాకు ఆమె ఆటలో మంచి కాలం ఆ తిరిగొచ్చిన తర్వాతే. ఈస్ట్ బెంగాల్‌లో ఆంథనీ ఆండ్రూస్ కోచింగ్‌లో ఆమె గీత పక్కన కాచుకునే వింగర్‌గానే ఆగిపోలేదు, లోపలికి వచ్చి గోల్స్ కొట్టే మనిషి అయింది. తొమ్మిది గోల్స్ ఊరికే రాలేదు.

2025 జూన్, జూలైలో థాయ్‌లాండ్‌లోని చియాంగ్ మాయిలో ఆసియా కప్ అర్హత పోటీలు జరిగాయి. మంగోలియాను 13–0తో ఓడించిన మ్యాచ్‌లో సౌమ్యవి రెండు గోల్స్. తర్వాత తిమోర్ లెస్తె, ఇరాక్, చివరగా జూలై 5న థాయ్‌లాండ్. తమ కన్నా మెరుగైన జట్టును వాళ్ల సొంతగడ్డ మీద 2–1తో ఓడించారు. ఆ రెండు గోల్స్ బెంగాల్ అమ్మాయి సంగీత బస్ఫోర్‌వి. 2022లో ఆతిథ్య దేశం హోదాలో దక్కిన ఆసియా కప్ చోటు, ఇరాన్‌తో ఒక్క మ్యాచ్ ఆడాక జట్టుకు కరోనా సోకి పోయింది. ఈసారి 2026 ఆస్ట్రేలియా టోర్నీకి ఎవరి దయా లేకుండా, గెలిచి టికెట్ తీసుకున్నారు.

ఇంత చెప్పాక లెక్క కూడా చెప్పాలి. 2024–25 లీగ్‌లో ఒక్కో జట్టుకు 14 మ్యాచ్‌లు. జనవరి రెండో వారంలో మొదలై ఏప్రిల్ మూడో వారానికి అయిపోయింది. మూడు నెలల పైచిలుకు. క్యాంపులు, జాతీయ జట్టు మ్యాచ్‌లు ఉండేది పాతిక ముప్పై మందికే. మిగతావాళ్లకు ఏడాదిలో ఎక్కువ భాగం లీగ్ లేని రోజులే. 2023లో ఏఐఎఫ్ఎఫ్ ఒక నిర్ణయం ప్రకటించింది. లీగ్‌లోని క్లబ్బులు కనీసం పదిమంది భారతీయ క్రీడాకారిణులకు ఏడాదికి 3.2 లక్షల రూపాయలకు తగ్గకుండా ఒప్పందం ఇవ్వాలి. నెలకు 27 వేల లోపు. మంచి అడుగే, కాదనను. అంతకు ముందు అది కూడా లేదు కదా. కానీ "ప్రొఫెషనల్" అన్న మాట వినగానే మన మనసులో మెదిలే బొమ్మకూ ఈ అంకెకూ మధ్య ఎంత దూరముందో చూడండి. సీజన్‌కు ఒప్పందం, సీజన్ అయిపోతే ఇల్లు, మళ్లీ ఏ క్లబ్ పిలుస్తుందోనని చూపు, దెబ్బ తగిలితే అంతే సంగతులు. మా ఊళ్లో దీనికి ఇంగ్లీషు పేరు లేదు.

'విజిల్' సినిమా చూసి థియేటర్లో ఈలలేసినవాళ్లం మనం. అదీ తమిళం నుంచి డబ్బింగే. అందులో కప్పు గెలవడంతో కథ అయిపోతుంది. ఆ అమ్మాయిలకు మే నెల జీతం ఎవరిస్తారని సినిమా అడగదు.

సీజన్ అన్న మాట దగ్గర నా చిన్నప్పటి సంగతి ఒకటి చెప్పాలి. నడిగడ్డలో సీజన్ అంటే సీడ్ పత్తి. హైబ్రిడ్ పత్తి విత్తనాలు దేశంలో ఎక్కువగా తయారయ్యే చోట్లలో గద్వాల ప్రాంతం ఒకటి. విత్తనం తయారవ్వాలంటే క్రాసింగ్ చేయాలి. సాయంత్రం పూట, రేపు విచ్చుకోబోయే మొగ్గను పట్టుకుని రేకులు, కేసరాలు గోటితో గిల్లి తీసేయాలి, లోపలి కీలం తెగకూడదు. మరునాడు పొద్దున మగ వరుస నుంచి పూలు తెచ్చి దాని మీద పుప్పొడి అద్దాలి. ప్రతి పువ్వుకూ ఇదే పని. ఆగస్టు నుంచి నవంబర్, డిసెంబర్ దాకా, ఒక్కరోజు కూడా ఆగకుండా. చిన్న చేతులైతే మొగ్గ చిట్లదని, పిల్లల ఎత్తూ చెట్టు ఎత్తూ ఒకటేనని పెద్దవాళ్లు అనేవాళ్లు. అసలు కారణం కూలీ తక్కువ. రెండువేల దశకం మొదట్లో దావులూరి వెంకటేశ్వర్లు చేసిన అధ్యయనాలు ఈ చేలల్లో పని చేసే పిల్లల్లో ఎక్కువమంది ఆడపిల్లలేనని లెక్కలతో సహా బయటపెట్టాయి. కంపెనీలు ఎక్కడో ఉంటాయి, మధ్యలో ఆర్గనైజర్ ఉంటాడు, ఆయన అడ్వాన్సు ఇస్తాడు. అడ్వాన్సు తీసుకున్న ఇంటి పిల్ల ఆగస్టులో బడికి రాదు.

నేను చదివిన బడిలో నా బెంచీ మీద ఒకమ్మాయి ఉండేది. మగపిల్లలు కూడా ఆమెతో పందెం కట్టడానికి జంకేవాళ్లు. చెప్పుల్లేకుండా, లంగా పైకి దోపుకుని పరిగెత్తేది. ఒక ఏడాది మండల స్థాయి ఆటలకు సార్ ఆమె పేరు రాసుకున్నాడు. స్కూల్ గేమ్స్ సాధారణంగా వానాకాలం చివర, దసరాకు అటూఇటూ జరుగుతాయి. అప్పటికి ఆమె చేనులో ఉంది. సార్ ఇంటికి పోయి అడిగాడు. వాళ్లమ్మ, "ఒక్క దినం పువ్వు ఇడిస్తే పూత వాయె సార్, ఆయన లెక్క ఎవరిస్తరు?" అంది. ఆమె చెప్పిందీ తప్పు కాదు. ఆ రోజు విచ్చుకునే పువ్వు మరునాటికి ఆగదు. ఆటల క్యాలెండర్ తయారుచేసేవాళ్లకు, పత్తి పూత క్యాలెండర్ చూసుకునేవాళ్లకు ఒకరి గురించి ఒకరికి తెలియదు. ఆ అమ్మాయికి ఆ ఏడాది పరుగు లేదు, తర్వాతి ఏడాది బడి లేదు. ఇప్పుడు నలుగురిలాగే ఉంది, పిల్లలున్నారు, కనబడితే మంచిగా పలకరిస్తుంది. ఆ పరుగు ఎంత వేగమో ఎవరూ స్టాప్‌వాచ్ పెట్టి కొలవలేదు కాబట్టి నేను కూడా పెద్దగా చెప్పడానికి ఏమీ లేదు.

ఇప్పుడు పరిస్థితి అంత ఘోరంగా లేదు. బడి మానేసి క్రాసింగ్‌కు పోయే చిన్నపిల్లలు తగ్గారు. గురుకులాలు వచ్చాయి, కస్తూర్బా బడులు వచ్చాయి, జూరాల, కల్వకుర్తి నీళ్లు కొన్ని ఊళ్లకైనా వచ్చాయి. ఆ మధ్య నాగర్‌కర్నూల్ జిల్లాలో ఒక హైస్కూల్ పీఈటీ సార్‌తో చాలాసేపు మాట్లాడాను. తన చేతి డబ్బుతో రెండు బంతులు కొని, పద్నాలుగు మంది ఆడపిల్లలతో పొద్దున పూట ఆడిస్తున్నాడు. దగ్గరి తండా నుంచి వచ్చే ఒకమ్మాయి ఎడమ కాలితో బాగా ఆడుతుందట. కల్యాణిలో సౌమ్య కొట్టిన గోల్‌ను తన ఫోన్లో చూపించానని, ఆ పిల్ల ఆరుసార్లు చూసిందని చెప్పాడు.

"వాళ్లమ్మకు కూడా చూపించిన మేడం. ఇట్లా మన తండా పిల్లనే, చూడమ్మా అన్న. ఆమె మంచిగనే చూసింది. చూసి, ఏడాదికి ఎన్ని నెలలు పనుంటది సార్ దీంట్ల అని అడిగింది."

"మీరేం చెప్పారు?"

"ఉన్నదే చెప్పిన. మూడు నెలలు, మూడున్నర. ఆమె నవ్వింది. అయితే మా క్రాసింగే నయం గద సార్, నాలుగు నెలలుంటది అన్నది."

ఆయన కూడా నవ్వాడు. ఆ పిల్లను స్పోర్ట్స్ స్కూల్ సెలక్షన్‌కు తీసుకుపోదామని ఉందట, బస్ ఛార్జీలు, ఒక రాత్రి ఉండటం, తోడుగా ఎవరు రావాలి, ఇవన్నీ చూసుకోవాలన్నాడు. ఇప్పటికైతే రోజూ పొద్దున ఆరింటికల్లా గ్రౌండ్‌కు వస్తోందట. ఆగస్టు సంగతి ఆగస్టులో చూద్దాం మేడం అన్నాడు.